వారెన్స్‌బర్గ్‌కి వెళ్లి వచ్చాం

2015 సెప్టెంబరు 17న, అమెరికాలో మిస్సోరి రాష్ట్రంలోని వారెన్స్‌బర్గ్ అనే చిన్న ఊళ్లో, యూనివర్సిటీ కంప్యూటరు ఒకటి నెల రోజులుగా చేస్తున్న లెక్క ముగించి, తన ముందున్న సంఖ్య ప్రధాన సంఖ్యే అని తేల్చింది. అప్పటికి మనుషులకు తెలిసిన ప్రధాన సంఖ్యలన్నిటికంటే అది పెద్దది. ఆ సంగతి ఎవరికీ అందలేదు. ఫలితం రాగానే ఈమెయిల్ వెళ్లాలి, ఆ ఏర్పాటులో లోపం వల్ల వెళ్లలేదు. 2016 జనవరి 7న డేటాబేస్‌ని మామూలుగా సర్దుతుంటే బయటపడింది. దాదాపు నాలుగు నెలలు ఆ సంఖ్య గురించి యంత్రానికి తప్ప లోకంలో మరెవరికీ తెలియదు.

రెండుని 7,42,07,281 సార్లు వేసి గుణించి, అందులోంచి ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్య అది. క్లుప్తంగా 2⁷⁴²⁰⁷²⁸¹ − 1 అని రాస్తారు. విప్పి రాస్తే 2,23,38,618 అంకెలు. నిద్రాహారాలు మాని సెకనుకో అంకె చొప్పున చదువుకుంటూ పోతే 258 రోజులు దాటుతుంది.

ఆ సెమిస్టరులో మా అమ్మాయి అక్కడే ఎం.ఎస్. చదువుతోంది. గుంటూరు నుంచి ఫోన్ చేసి తిన్నావా, చలికి కోటు వేసుకున్నావా అని అడిగేదాన్ని. తను రాత్రి ల్యాబులో అసైన్‌మెంటు చేస్తున్నానని చెప్పేది. నేను డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన దాన్ని. ప్రధాన సంఖ్యల గురించి ఏళ్ల తరబడి బోర్డు మీద రాశాను. మరుసటి జనవరిలో ఆ యూనివర్సిటీ పేరు పేపర్లో చూశాక, ఎప్పటికైనా ఆ ఊరు వెళ్లాలనుకున్నాను. ఇప్పుడు అమ్మాయి కాన్సస్ సిటీ పక్కన ఓవర్‌ల్యాండ్ పార్క్‌లో ఉంటోంది. అక్టోబరులో నేను వాళ్లింట్లో ఉండగా మనవడికి బడి సెలవు వచ్చింది. ముగ్గురం బయల్దేరాం. కారులో త్వరగా వెళ్లొచ్చు గానీ వాడికి రైలంటే ఇష్టం.

కాన్సస్ సిటీ యూనియన్ స్టేషన్ 1914లో కట్టింది. హాలు నడుమ ఆరడుగుల గడియారం వేలాడుతుంటుంది. రైలు పేరు మిస్సోరి రివర్ రన్నర్. ఇండిపెండెన్స్, లీస్ సమిట్ దాటితే వారెన్స్‌బర్గ్, గంట పైచిలుకు ప్రయాణం. లీస్ సమిట్‌లో ఇదే యూనివర్సిటీకి ఇంకో క్యాంపస్ ఉంది. మన హైదరాబాదు, విజయవాడ, వరంగల్ పిల్లలు ఎందరో కంప్యూటర్ సైన్సు చదివింది అక్కడే. రైలు ఆగినప్పుడు ముగ్గురు కుర్రాళ్లు తెలుగులో మాట్లాడుకుంటూ ఎక్కారు, అద్దె గురించి. ఆ ఊరు దాటాక రెండు వైపులా కోసేసిన మొక్కజొన్న చేలు, గోధుమరంగుకి తిరిగి కోతకొచ్చిన సోయాబీన్.

"అమ్మమ్మా, మనం చూడబోయే నంబర్ చివర ఏముంటుంది?" అన్నాడు మనవడు. మూడో తరగతి చదువుతున్నాడు. మంచి ప్రశ్న. రెండు కోట్ల పైచిలుకు అంకెల్లో చివరిది పుస్తకం అక్కర్లేకుండా చెప్పొచ్చు. వాడిని రెండుని రెండుతో గుణించుకుంటూ పొమ్మన్నాను: 2, 4, 8, 16, 32, 64, 128, 256. చివరి అంకెలు మాత్రమే చూడు. 2, 4, 8, 6. మళ్లీ 2, 4, 8, 6. నాలుగేసి చొప్పున తిరుగుతున్నాయి. ఇప్పుడు 7,42,07,281ని నాలుగుతో భాగిస్తే ఎంత మిగులుతుంది? నాలుగుతో భాగించడానికి చివరి రెండంకెలు చూస్తే చాలు: 81, మిగిలేది 1. అంటే వరుసలో మొదటిది, 2. అందులోంచి ఒకటి తీసేయాలి. "వన్!" అన్నాడు. అంతే. ఆ సంఖ్య ఒకటితో ముగుస్తుంది. మొదలు 3003764 అని ఉంటుంది, దానికి లాగరిథమ్ కావాలి కాబట్టి అక్కడితో ఊరుకున్నాను.

ఇలా రెండు ఘాతంలోంచి ఒకటి తీస్తే వచ్చే ప్రధాన సంఖ్యల్ని మెర్సెన్ ప్రధాన సంఖ్యలంటారు. మారిన్ మెర్సెన్ ఫ్రాన్సులో క్రైస్తవ సన్యాసి. ఘాతాంకం 257 దాకా ఏవి ప్రధాన సంఖ్యలవుతాయో 1644లో ఒక జాబితా ప్రకటించాడు. అందులో 67, 257 తప్పు. 61, 89, 107 చేర్చనే లేదు. ఆ జాబితాను పూర్తిగా సరిచూడడానికి మూడు వందల ఏళ్లు పట్టింది. 2³¹ − 1, అంటే 2147483647, ప్రధాన సంఖ్యే అని ఆయిలర్ 1772లో తేల్చాడు. 1876లో ఎడ్వర్డ్ లూకాస్ 2¹²⁷ − 1 సంగతి తేల్చాడు. 39 అంకెల సంఖ్య, చేత్తో చేసిన లెక్క. 170141183460469231731687303715884105727. నా పాత నోట్సులో ఈ సంఖ్య ఒక పేజీ పైన రాసి ఉంటుంది. ఏటా కొత్త బ్యాచికి ఇదే చూపించి మొదలుపెట్టేదాన్ని.

వారెన్స్‌బర్గ్ స్టేషన్ చిన్నది. దిగితే హోల్డెన్ వీధి. దక్షిణానికి నడిస్తే క్యాంపస్ వస్తుంది. పట్టాలకు అవతల కోర్టు ముందు ఓల్డ్ డ్రమ్ అనే వేటకుక్క విగ్రహం ఉంది, మావాడు ముందు అది చూడాలన్నాడు. ఆ కుక్కని ఎవరో కాల్చి చంపితే యజమాని దావా వేశాడు. 1870లో జార్జ్ వెస్ట్ అనే లాయరు ఈ ఊరి కోర్టులోనే దాని తరఫున వాదించాడు. ఆ వాదనతోనే ఈ ఊరికి పేరొచ్చింది. యూనివర్సిటీ ఆ మరుసటి ఏడాది, 1871లో, టీచర్లకు శిక్షణ ఇచ్చే బడిగా మొదలైంది. అది నాకు నచ్చిన సంగతి. పంతుళ్ల కోసం పెట్టిన చోట ఈ పని జరిగింది.

పని చేసింది కర్టిస్ కూపర్ అనే లెక్కల ప్రొఫెసరు. మొదట్లో ఆయనతో కెమిస్ట్రీ ప్రొఫెసరు స్టీవెన్ బూన్ కూడా ఉన్నారు. మెర్సెన్ ప్రధాన సంఖ్యల్ని వెతకడానికి 1996లో జార్జ్ వోల్ట్‌మన్ మొదలుపెట్టిన గింప్స్ అనే ఉమ్మడి ప్రయత్నంలో వీళ్లు చేరారు. వోల్ట్‌మన్ రాసిన ప్రైమ్95 అనే ప్రోగ్రాముని ఎవరైనా తమ కంప్యూటర్లో వేసుకోవచ్చు. మనం వాడుకోని సమయంలో అది తన లెక్క చేసుకుంటూ ఉంటుంది. కూపర్, బూన్ దాన్ని క్యాంపస్ ల్యాబుల్లోని వందల కంప్యూటర్లలో పెట్టించారు. ఇక్కడి నుంచి నాలుగు రికార్డులు వచ్చాయి. 2005 డిసెంబరులో 91,52,052 అంకెలది, 2006 సెప్టెంబరులో 98,08,358 అంకెలది, 2013 జనవరిలో 1,74,25,170 అంకెలది, ఆ తర్వాత నేను చెబుతున్నది.

డబ్ల్యూ. సి. మోరిస్ భవనంలోకి వెళ్లాం. అమ్మాయికి దారి ఇంకా గుర్తుంది. "ఇక్కడ కూచునేదాన్నమ్మా" అని ఒక ల్యాబు తలుపు అద్దంలోంచి చూపించింది. వరసగా బల్లలు, మానిటర్లు, నల్ల డబ్బాల్లాంటి సీపీయూలు, వెనక చిక్కుపడిన వైర్లు. ఇద్దరు విద్యార్థులు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఏదో టైపు చేస్తున్నారు. ఏ ఇంజనీరింగు కాలేజీలోనైనా కనబడే గదే. ఆ గది ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. విద్యార్థి లేచి వెళ్లాక, తెర నల్లబడ్డాక, లోపల ఆ లెక్క నడుస్తూ ఉండేది. అమ్మాయి వచ్చి మౌస్ కదిపితే పక్కకు తప్పుకుని దారిచ్చేది.

పక్కన క్లాసుగది ఖాళీగా ఉంది, తెల్లబోర్డు మీద మార్కరూ ఉంది. చేతికి పని దొరికింది. వచ్చింది దీనికోసమే అనిపించింది.

అంత పెద్ద సంఖ్య ప్రధాన సంఖ్య అవునో కాదో ఎలా తెలుస్తుంది? చిన్న సంఖ్యలైతే 2తో, 3తో, 5తో భాగించి చూసుకుంటాం. రెండు కోట్ల అంకెల దానికి ఆ దారిలో పోతే ఈ విశ్వం వయసు చాలదు. మెర్సెన్ సంఖ్యలకు మాత్రం ఒక సొంత దారి ఉంది. లూకాస్ కనిపెట్టాడు, 1930ల్లో డెరిక్ లెమర్ దాన్ని సరళం చేశాడు. నాలుగుతో మొదలుపెట్టు. వర్గం చేయి, రెండు తీసెయ్. వచ్చినదాన్ని నువ్వు పరీక్షిస్తున్న సంఖ్యతో భాగించి శేషం మాత్రం ఉంచుకో. మళ్లీ వర్గం, మళ్లీ రెండు తీసెయ్, మళ్లీ శేషం. ఘాతాంకం కంటే రెండు తక్కువసార్లు ఇలా చెయ్యి. ఆఖరికి సున్నా వస్తే ప్రధాన సంఖ్య. సున్నా కాకపోతే కాదు.

31 తీసుకున్నాం. అది 2⁵ − 1, కాబట్టి మూడుసార్లు చెయ్యాలి. నాలుగు నాలుగులు పదహారు, రెండు తీస్తే 14. ఒకసారి. పద్నాలుగు పద్నాలుగులు 196, రెండు తీస్తే 194, దాన్ని 31తో భాగిస్తే మిగిలేది 8. రెండోసారి. ఎనిమిది ఎనిమిదులు 64, రెండు తీస్తే 62. అది 31కి సరిగ్గా రెండింతలు, శేషం సున్నా. మనవడు తలెత్తి "అయిపోయిందా?" అన్నాడు. అయిపోయింది. 31 ప్రధాన సంఖ్యే అని మనకు ముందే తెలుసు. కానీ ఈ దారిలో దాన్ని ఏ సంఖ్యతోనూ భాగించి చూడలేదు. కారణాంకాలు ఉన్నాయో లేవో వెతకనే లేదు. అయినా జవాబు వచ్చింది. నాకు ఈ పరీక్ష ఎన్నాళ్లయినా పాతబడదు.

తర్వాత 2047. అది 2¹¹ − 1. ఘాతాంకం 11 ప్రధాన సంఖ్యే కదా అని చాలామంది ఇదీ ప్రధాన సంఖ్యే అనుకుంటారు. ఘాతాంకం ప్రధాన సంఖ్య కాకపోతే మొత్తం సంఖ్య కానే కాదు, అది నిజం. తిరగేసి చెబితే నిలబడదు. తొమ్మిదిసార్లు చెయ్యాలి. అమ్మాయి ఫోన్లో లెక్కకట్టి చెబుతుంటే నేను రాశాను: 4, 14, 194, 788, 701, 119, 1877, 240, 282, 1736. ఆఖరిది సున్నా కాదు. కాబట్టి 2047 విడిపోతుంది. దేనితో విడిపోతుందో మాత్రం ఈ 1736 చెప్పదు. అందుకు వేరే కిటుకు ఉంది. ఘాతాంకం ప్రధాన సంఖ్యగా ఉన్న మెర్సెన్ సంఖ్యకు కారణాంకం ఏదున్నా, దాన్ని ఘాతాంకానికి రెట్టింపుతో భాగిస్తే ఒకటి మిగలాలి. ఇక్కడ 22తో. 22కి ఒకటి కలిపితే 23. ఇరవై మూడు ఎనభైతొమ్మిదులు 2047. మొదటి ప్రయత్నంలోనే దొరికింది. గింప్స్ వాళ్లు ముందు ఈ కిటుకుతోనే చేటలో చెరిగినట్టు చాలా సంఖ్యల్ని ఏరి పారేస్తారు. మిగిలినవాటికే అసలు పరీక్ష.

అమ్మాయి కంప్యూటర్ మనిషి, తనకి ఇంకో సందేహం వచ్చింది. "రెండు కోట్ల అంకెల దాన్ని వర్గం చేస్తే నాలుగు కోట్ల అంకెలు వస్తాయి. దాన్ని మళ్లీ భాగించాలి. ప్రతి మెట్టుకీ భాగహారమా అమ్మా?"

భాగహారం అక్కర్లేకపోవడమే మెర్సెన్ సంఖ్యల గొప్ప. 1,23,456ని 999తో భాగిస్తే శేషం ఎంత? మూడేసి అంకెలుగా విడగొట్టి కలిపితే చాలు, 123కి 456 కలిపి 579. సరిచూసుకోండి, సరిపోతుంది. 999లో అన్నీ తొమ్మిదులు కావడం వల్ల ఇది కుదిరింది. కంప్యూటరు సున్నాలు, ఒకట్లతోనే లెక్కిస్తుంది. ఆ పద్ధతిలో మెర్సెన్ సంఖ్య అంటే వరసగా ఒకట్లే. మనం చూడ్డానికొచ్చిన సంఖ్యలో 7,42,07,281 ఒకట్లు, నడుమ ఒక్క సున్నా లేదు. కాబట్టి భాగించాల్సిన చోట విడగొట్టి కలిపేస్తే సరి. వర్గం చెయ్యడానికి ఫూరియర్ పద్ధతి వాడతారు. మామూలు ఎక్కాల గుణకారంతో చాలాసేపు పట్టేది అందులో రెప్పపాటులో అయిపోతుంది. ఏ సంఖ్యనైనా తక్కువ సమయంలో కచ్చితంగా పరీక్షించే పద్ధతిని 2002లో మన ఐఐటీ కాన్పూర్‌లో మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కనిపెట్టారు. సిద్ధాంతంగా అది మహత్తరమైన పని. కానీ ఇంత పెద్ద సంఖ్యల దగ్గర, ఈ ఒకట్ల వరస ఇచ్చే వెసులుబాటు ముందు, లూకాస్ దారే వేగం.

ఇక్కడి కంప్యూటరు ఆ మెట్లు 7,42,07,279 ఎక్కింది. 31 రోజులు ఆగకుండా. సెకనుకి ఇరవై ఏడుకు పైగా. ఎక్కడో ఒక్క మెట్టు మీద ఒక్క అంకె తారుమారైతే ఆ తర్వాతిదంతా వృథా. అందుకే మొదటి ఫలితాన్ని నమ్మరు. వేరేవాళ్లు, వేరే ప్రోగ్రాములతో, వేరే రకం చిప్పుల మీద మొదటినుంచీ చేసి చూస్తారు. ఈ సంఖ్యకూ అలాగే చేశాకే 2016 జనవరిలో ప్రకటించారు. సున్నా రాని సంఖ్యల విషయంలోనూ అంతే శ్రద్ధ. అప్పట్లో చివరి శేషంలో కొంత భాగం రాసిపెట్టి, ఇంకొకరు చేసినప్పుడు అదే వచ్చిందా అని పోల్చేవారు. విఫలమైన లెక్కని కూడా రెండోసారి సరిచూసే ఆ నిష్ఠ నాకు కొత్త ప్రధాన సంఖ్య దొరికినంత గొప్పగా అనిపిస్తుంది.

బయట చెట్టు కింద బెంచీ మీద పులిహోర డబ్బా విప్పాం. మేపుల్ ఆకులు ఎర్రబడి రాలుతున్నాయి. అప్పుడు అమ్మాయి అడిగింది, "సెప్టెంబరులోనే మెషీన్‌కి తెలిసిపోయింది కదమ్మా. జనవరి 7 అని ఎందుకు రాస్తారు?"

గింప్స్ వాళ్లు దీనికి పాత ఆనవాయితీ ఒకటి చూపిస్తారు. 1961లో అలెగ్జాండర్ హర్విట్జ్ అనే ఆయన కాలిఫోర్నియాలో ఐబీఎం కంప్యూటరు మీద ఈ లెక్కే చేయించాడు. ఒకే అచ్చులో రెండు ఫలితాలొచ్చాయి, ఘాతాంకాలు 4253, 4423. ఆయన కాగితాన్ని వెనకనుంచి చదవడం వల్ల 4423 ముందు కంటపడింది. కొన్ని సెకన్ల తర్వాత 4253. దాంతో 4253 ఘాతాంకం ఉన్న సంఖ్య ఏ ఒక్క క్షణమూ 'తెలిసినవాటిలో పెద్ద ప్రధాన సంఖ్య' కాలేకపోయింది. మనిషి చూసిన క్షణమే కనుగొన్న క్షణం. ఆ లెక్కన వారెన్స్‌బర్గ్ సంఖ్య పుట్టినరోజు జనవరి 7.

నేను ఈ ఆనవాయితీ వైపే ఉంటాను. ఆ సంఖ్య ప్రధాన సంఖ్య కావడానికి సెప్టెంబరూ అక్కర్లేదు, జనవరీ అక్కర్లేదు. మెర్సెన్ పుట్టకముందూ అది అంతే. దాన్ని ఎవరు చూసినా, చూడకపోయినా మారదు. తెలియడం మాత్రం మనిషికి జరిగేది. అచ్చులో ఉన్న నిరూపణ నిరూపణే కావచ్చు, అది ఒక బుర్రలోకి దిగినప్పుడు గణితం అవుతుంది. పాఠం బోర్డు మీద ఉన్నంత మాత్రాన క్లాసుకు వచ్చినట్టు కాదని పాఠాలు చెప్పిన రోజులన్నీ నాకు నేర్పాయి. అందుకే ఆ నాలుగు నెలల గురించి నాకు బాధ లేదు. ఆ నెలల్లో మా అమ్మాయిలాంటి పిల్లలు ఎందరో, ఆ ఫలితం ఇచ్చిన యంత్రం ముందు కూడా కూచుని, ఉద్యోగం వస్తుందో రాదో అని దిగులు పడుతూ తమ ప్రోగ్రాములు రాసుకుని ఉంటారు.

ఇదంతా దేనికి పనికొస్తుంది అని అడిగేవాళ్లుంటారు. మన బ్యాంకు లావాదేవీల రహస్యాన్ని కాపాడే ప్రధాన సంఖ్యలు కొన్ని వందల అంకెలవి, వాటికి ఇంత పెద్దవి అక్కర్లేదు. ప్రైమ్95 ప్రోగ్రాము చిప్పుల్లో లోపాలు పట్టిస్తుంది, 2016లో ఇంటెల్ వారి స్కైలేక్ చిప్పులో అలాగే ఒక లోపం బయటపడింది. అది మేలే. కానీ ఆ మేలు చూపించి ఈ అన్వేషణకు అనుమతి అడగడం నాకిష్టం లేదు. మెర్సెన్ ప్రధాన సంఖ్య దొరికిన ప్రతిసారీ ఒక పరిపూర్ణ సంఖ్య కూడా దొరుకుతుంది. 6 అంటే 1, 2, 3 కలిపినది, 28 అంటే 1, 2, 4, 7, 14 కలిపినది. అలా తాను కాక మిగిలిన తన కారణాంకాల మొత్తమే తానైన సంఖ్యలు. ఈ సంబంధాన్ని యూక్లిడ్ రెండు వేల ఏళ్లకు ముందే నిరూపించాడు. వారెన్స్‌బర్గ్ సంఖ్య నుంచి వచ్చే పరిపూర్ణ సంఖ్యకు 4,46,77,235 అంకెలు. మెర్సెన్ ప్రధాన సంఖ్యలకు అంతుందో లేదో ఈనాటికీ ఎవరికీ తెలియదు. తెలిసినవి 52. అది చాలు వెతకడానికి.

వారెన్స్‌బర్గ్ సంఖ్య రికార్డు 2017 డిసెంబరు చివర్లో పోయింది. టెనెసీలో ఒకాయన కంప్యూటరుకి దానికంటే పెద్దది దొరికింది. 2018లో ఫ్లోరిడాలో ఇంకోటి. 2024 అక్టోబరులో లూక్ డ్యురాంట్ పెద్ద పెద్ద డేటా సెంటర్లలోని గ్రాఫిక్స్ చిప్పుల్ని అద్దెకు తీసుకుని 4,10,24,320 అంకెల ప్రధాన సంఖ్యను పట్టాడు. జాడ మొదట డబ్లిన్‌లోని చిప్పు మీద దొరికింది, మర్నాడు టెక్సస్‌లోని చిప్పు లూకాస్ పరీక్షతో రూఢి చేసింది. కాలేజీ ల్యాబుల కాలం అయిపోయిందేమో. నాకు కొంచెం దిగులుగానే ఉంది.

తిరుగు రైలు ఆలస్యం. స్టేషను బెంచీ మీద మావాడు నా నోట్‌బుక్ లాక్కుని ఇంకోటి చేద్దామన్నాడు. 2¹³ − 1 ఇచ్చాను, 8191. పదకొండుసార్లు చెయ్యాలి. అమ్మాయి ఫోన్ నొక్కుతూ చెబుతోంది, వాడు రాస్తున్నాడు. 4, 14, 194, 4870, 3953, 5970, 1857. అక్కడికి వాడికి విసుగొచ్చింది. పెన్సిల్ నాకు ఇవ్వబోయి, తర్వాతది 36 అని విని మళ్లీ తీసుకున్నాడు. చిన్నదైపోయింది కదా, ఇంక వచ్చేస్తుందనుకున్నాడు. 1294 అయింది. 3470 అయింది. 128.

"నూట ఇరవై ఎనిమిది వర్గం ఎంత?" అన్నాను.

అమ్మాయి 16384 అంది. వాడు రెండు తీసి 16382 రాసి, పక్కన 8191 కింద 8191 వేసి కూడాడు. కూడిక పూర్తికాకముందే "జీరో, అమ్మమ్మా, జీరో!" అని అరిచాడు. నా కళ్లజోడు ఇంకా బ్యాగులోనే ఉంది. ముందు చూసింది వాడే. నోట్‌బుక్‌లో ఆ పేజీ కింద తేదీ వేసి, వాడి పేరు వాడిచేతే రాయించాను.